మూడోసారి తోడబోతుంటే

మరుదమునైలో లారీ దిగేసరికి నా దగ్గరున్నవి
కొబ్బరిపీచు మిల్లు నుంచి అడిగి తెచ్చుకున్న డీజిల్ పంపు,
నలభై అడుగుల గొట్టం,
వాళ్ళ భాషలో రెండే రెండు మాటలు.
రా. పో.
అవి కూడా చెక్‌పోస్టు దగ్గర
పంపు విప్పించి చూసిన సిపాయి దగ్గర నేర్చినవి.

కులియాపిటియ వాణ్ణి.
సముద్రమంటే మాకు
ఏడాదికోసారి బస్సు మాట్లాడుకుని
చూసొచ్చే చుట్టం.

మొదటి బావిలో కొబ్బరి మట్టలు, ఒంటి చెప్పు,
మగ్గం పలక,
పేరు పెట్టలేని నురగ.
నడుముకి తాడు కట్టుకుని దిగాను.
పైన పట్టుకున్నవాడు నా పేరడగలేదు.
తాడుని మాత్రం
మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకున్నాడు.
జవుఫర్ అని తర్వాత తెలిసింది.
నేతగాడని.
డిసెంబరు దాకా ఆ చేతులు పట్టుకుని
ముగ్గురు పిల్లలు ఉయ్యాలలూగేవారని.

పలక పైకొచ్చాక
కడిగి, ఎండలో నిలబెట్టి,
నీడ జరిగినప్పుడల్లా దాన్నీ జరిపాడు.

రోజుకి ఆరు బావులు. ఒక్కోసారి ఏడు.
సిగరెట్టు పెట్టె అట్ట మీద గీతలు గీసుకునేవాణ్ణి.
గర్వంగానే ఉండేది, ఎందుకు దాచాలి.
పంపు దడదడలాడినంతసేపూ
ఎవరి ఏడుపూ వినబడదు.
అదీ ఒక సుఖమే.

పాత్తుముత్తు ఇంటికి గడప మిగిలింది,
గోడల్లేవు.
అయినా చెప్పులు గడప బయటే విప్పాం.
పొద్దున తోడిన బావి సాయంత్రానికి నిండింది.
ఆవిడ దోసిట పట్టి నోట్లో పోసుకుంది,
మా నలుగురి మొహాలూ చూసి
ఉమ్మలేక మింగింది.
"ఉప్పు" అంది.
మేం లుణు అంటాం.
నాకు వచ్చిన మూడో మాట అదే.

మర్నాడు మళ్ళీ తోడాం.
ఇంకా ఉప్పు.
మూడోసారి స్టార్టరు తాడు లాగబోతుంటే
వచ్చి ఇంజను మీద అరచెయ్యి వేసింది.
కాలుతుందమ్మా, అన్నాను నా భాషలో.
తియ్యలేదు.

జవుఫర్ తన విరిగిన సింహళంలో చెప్పాడు:
"మంచినీళ్ళు ఉప్పునీళ్ళ మీద
మీగడలా పడుకుంటాయంట.
నువ్వు తోడేకొద్దీ
అడుగునున్నది లేచొస్తదంట.
వాన పడనీ, నువ్వు ఊరుకో, అంటోంది."

ఆ రాత్రి బడి వరండాలో
అట్ట మీద గీతలు లెక్కపెట్టాను.
నలభై రెండు.
వాటిలో ఎన్నింటిలోకి
సముద్రాన్ని రెండోసారి
నేనే పిలిచానో.

పొద్దున్నే ఇంటికి పోదామనుకున్నాను.
పంపు మీద గోనె కప్పి,
పోలేదు.
కూలిన బావుల చుట్టూ ఇటుక పేర్చాం,
పిల్లలు తొంగిచూడకుండా చెక్కమూతలు బిగించాం.
లోపలి ఊళ్ళనుంచి డ్రమ్ముల్లో నీళ్ళు మోసి
బిందెకి బిందె పోశాం.
చేతులకి పనుంది గానీ
చప్పుడు లేదు.
ఇప్పుడు అన్నీ వినబడేవి.
గుడారంలో ఎవరో పేర్లు పిలవడం,
బదులు కోసం ఆగడం,
మళ్ళీ మొదటి పేరు నుంచి.

చివరి రోజు పాత్తుముత్తు అరచెయ్యి చూశాను.
బొబ్బ మానింది, మచ్చ ఉంది.
ఏదో అనాలనిపించింది.
ఆ మూడు మాటల్లో ఏదీ పనికిరాలేదు.

ఈశాన్య వానలు పడ్డాక, నవంబరులో,
మిల్లు ఆఫీసుకి ఫోనొచ్చింది.
ఆడగొంతు. గబగబా ఏదో చెప్పింది.
"ఉప్పు?" అని అరిచాను.
నవ్వింది, మళ్ళీ అదే చెప్పింది.
ఎదుటి కొట్లో గడియారాలు బాగుచేసే ఫలీల్‌ని
కేకేసి పిలిచి చెవికి పెట్టాను.
కంట్లో బిగించిన భూతద్దం తీయకుండానే విని
నా వైపు తిరిగాడు.

"బావినీళ్ళతో టీ కాచిందట.
పాలు విరగలేదట.
ఎవరయ్యా ఈవిడ?"